నాన్న ట్రాక్టరు పంపు విప్పేశాను, ఇప్పుడు బిగించలేను, ఎవరికీ చెప్పలేను

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలుంది. చివర పెన్సిలుతో వేసిన బొమ్మ ఒకటి: ఒక బల్ల, దాని మీద పాత దుప్పటి, దుప్పటి నిండా చిన్న చిన్న ఇనప సామాన్లు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన ముప్పై ఏళ్లు నడిపిన నాలుగు సిలిండర్ల డీజిల్ ట్రాక్టరు అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది. అన్నయ్య వచ్చినకాడికి అమ్మేద్దామన్నారు. తమ్ముడు బాగుచేసి చూపిస్తానన్నారు. ఉత్తరం రాసింది ఈ తమ్ముడే. బండికి రెండు జబ్బులు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టవుతుంది గానీ, గంట పనిచేయించి ఆపితే మళ్లీ అందుకోదు. రెండోది, ఇంజిన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది, ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే డీజిల్ వాసన. వీడియోలు చూసి, మాన్యువల్ సంపాదించి, తప్పు ఫ్యూయెల్ పంపుదేనని తేల్చుకున్నారు. నాన్నగారి కాలం నుంచీ బండి చూసే మేస్త్రీ ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తారు. "పంపు మాత్రం ఇంట్లో విప్పకు నాన్నా" అని ఆయనంటే, "ఆ రోజులు పోయాయి బాబాయ్, ఇప్పుడన్నీ ఫోన్లో ఉన్నాయి" అని నలుగురి ముందు అనేశారట. బాబాయ్ ఆ తర్వాత ఇటు రాలేదు.

పంపు విప్పి మూడు నెలలు. పంపులో సిలిండరుకు ఒకటి చొప్పున డీజిల్‌ను నెట్టే సన్నటి కడ్డీలుంటాయి, వాటిని ప్లంజర్లంటారు. మొదటి ప్లంజరుకు దారం కట్టి 1 అని చీటీ పెట్టారు. రెండోది తీస్తుండగా ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చేసరికి ఎనిమిదేళ్ల కూతురు నాన్నకు సాయం చేద్దామని మిగతా మూడూ తీసి, దారం కూడా విప్పేసి, నాలుగు ప్లంజర్లనూ డీజిల్ బయటికి పోయే దారిలో ఉండే డెలివరీ వాల్వులతో సహా ఒకే పళ్లెంలో వేసి కడిగేసింది. ప్లంజర్లు ఆడే గొట్టాలు, అంటే బ్యారెల్స్ మాత్రం పంపులోనే ఉన్నాయి. పైగా ఒక ప్లంజరు మీద మరకలాంటిది కనిపిస్తే ఈయనే గరుకు కాగితంతో రుద్దారు. ఆ గదికి ఇప్పుడు తాళం. అన్నయ్య వచ్చిన ప్రతిసారీ "ఏమైంది ఇంజనీరుగారూ?" అంటారు. "పార్టు రావాలి" అని ఈయన జవాబు. రావాల్సిన పార్టేదీ లేదు. భార్యకు కూడా అదే చెప్పారు.

అడిగింది రెండు ప్రశ్నలు. నాలుగు ప్లంజర్లు, నాలుగు బ్యారెల్స్ అంటే 24 రకాలుగా పెట్టొచ్చు, ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంటూ పోనా? లేక నా వల్ల కాదని చెప్పేసి బండి అమ్మెయ్యనా?

తమ్ముడూ, ముందు పాపను ఏమీ అనలేదు కదా? అనలేదనే రాశారు. సంతోషం. ఆ పళ్లెం దగ్గర్నుంచే మొదలుపెడతాను.

24 అనే లెక్క సరైనదే. కానీ ఏది సరైన జత అని మీకు చెప్పేదెవరు? ప్లంజరుకు, బ్యారెల్‌కు మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. ఆ సందులో రబ్బరు వాషరు లేదు, రింగు లేదు. రెండు ఇనప ముక్కల్ని ఒకదానికొకటి అరగదీసి జత కుదిర్చారు, సీలు అంటే అదే. అందుకే వాటిని విడిగా అమ్మరు, ఎలిమెంటు అని జతగానే ఇస్తారు. డెలివరీ వాల్వు, దాని సీటు కూడా అంతే. పాత మేస్త్రీలు ప్లంజరును శుభ్రమైన డీజిల్లో ముంచి, బ్యారెల్‌ను ఏటవాలుగా పట్టుకుని సగం పైకి లాగి వదులుతారు. మంచి జత అయితే తొందరపడకుండా, ఆగకుండా, తన బరువుకు తాను జారుతుంది. మీ బ్యారెల్స్ పంపులోనే ఉన్నాయి కాబట్టి ఆ పరీక్ష కూడా సరిగ్గా కుదరదు. కుదిరినా, అది పనికిరానిదాన్ని పట్టిస్తుందే తప్ప పనికొస్తుందని హామీ ఇవ్వదు. ఇంజిను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో ప్లంజరు నిమిషానికి 750 సార్లు కొడుతుంది. కొట్టినప్పుడల్లా దాదాపు 200 బార్ల ఒత్తిడి పుట్టించి, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిలును తెరిపించాలి. పూర్తి లోడు మీద కూడా ఒక్కో దెబ్బకు పంపేది ఇంచుమించు ఒక చుక్క. నాలుగు సిలిండర్లకూ ఆ చుక్క సమానంగా వెళ్లాలి. వేలి స్పర్శకు అంత తేడా తెలియదు, నాకూ తెలియదు, బాబాయ్‌కీ తెలియదు.

ఇక గరుకు కాగితం. మీరు రుద్దినది మరక కాకపోవచ్చు. పాత ప్లంజరును వెలుతురుకు అడ్డంగా పెట్టి తిప్పితే, పై అంచు దగ్గర, వాలుగా కోసిన గాడి పక్కన, అద్దం మీద ఊపిరి వదిలినట్టు ఒక మసక మచ్చ కనిపిస్తుంది. డీజిల్లో వచ్చిన దుమ్ము ఏళ్ల తరబడి గీసిన అరుగుదల అది. వేడెక్కితే స్టార్టవకపోవడానికి అసలు కారణం అక్కడే ఉండి ఉండొచ్చు. డీజిల్ వేడికి పలచబడుతుంది, స్టార్టరు మీద ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంది, ఆ కాస్త వ్యవధిలో డీజిల్ అరిగిన చోటు నుంచి వెనక్కి జారిపోతుంది. నాజిలు తెరిపించేంత ఒత్తిడి రాదు. అంటే మీరు పట్టిన రోగం తప్పు కాకపోవచ్చు. కానీ రుద్దిన ప్లంజరు ఇక పనికిరాదు. ఒకటి కొత్తది వేసి మూడు పాతవి ఉంచితే ఒకటి గట్టిగా కొడుతుంది, మూడు కారుతాయి. నాలుగూ మార్చడమే నయం. చూశారా, 24 రకాల ప్రశ్న ఇక్కడితో చచ్చిపోయింది. పాప కలిపినా కలపకపోయినా ఇక్కడికే వచ్చేవారు.

అయితే రెండో జబ్బు గురించి మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆయిల్లో డీజిల్ కలవడానికి ఎలిమెంట్లు ఒక్కటే దారి కాదు. పంపు పక్కన బిగించి, ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇచ్చే చిన్న ఫీడ్ పంపును చూశారా? దాన్ని నెట్టే కడ్డీ అరిగితే డీజిల్ ఆ వెంబడి లోపల ప్లంజర్లను పైకి నెట్టే క్యామ్ ఉండే గదిలోకి కారుతుంది. మీ పంపు ఇంజిన్ ఆయిల్‌నే కందెనగా వాడుకునే రకమైతే అక్కణ్నుంచి నేరుగా ఆయిల్లోకి పోతుంది. కొన్ని ఇంజిన్లకు ఇంజిను మీదే డయాఫ్రమ్ లిఫ్ట్ పంపు ఉంటుంది, ఆ డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగినా ఇదే లక్షణం. మీ నాలుగు పేజీల్లో ఫీడ్ పంపు మాట ఒక్కసారి కూడా రాలేదు. దాన్ని చూడకుండా మెయిన్ పంపుకు కొత్త ఎలిమెంట్లన్నీ వేయించి బిగించాక కూడా ఆయిల్ పెరుగుతుంటే, అన్నయ్య సంగతలా ఉంచండి, మీకు మీరే మొహం చూపించుకోలేరు. ఇంకోటి, ఇప్పుడున్న ఆయిల్ పారబొయ్యండి. డీజిల్ కలిసిన ఆయిల్ బేరింగుల్ని కాపాడదు. మట్టం మరీ పెరిగితే ఆ ఆయిల్‌నే ఇంజిను తన బ్రీదరు (ఊపిరి గొట్టం) గుండా లాక్కుని కాల్చుకుంటూ, ఆపినా ఆగకుండా పరుగెత్తవచ్చు.

డబ్బు పెట్టే ముందు కంప్రెషన్ కూడా, అంటే సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కూడా చూడండి. పంపు లేకపోయినా నాజిలు తీసిన రంధ్రంలో గేజి పెట్టి స్టార్టరుతో తిప్పి చూడొచ్చు. ఒక్క జాగ్రత్త: పంపు తీసేశాక దాని గేరు లోపల వదులుగా మిగిలే ఇంజిన్లు కొన్నున్నాయి, అలాంటిదైతే తిప్పకండి. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా, మాన్యువల్ చెప్పిన కనీసానికి పైన ఉంటే ఈ బండి మీద ఖర్చు పెట్టొచ్చు. రెండు బాగా పడిపోయి ఉంటే మాత్రం మీ అన్నయ్య మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది. పంపు ఎంత బాగా చేయించినా అరిగిన పిస్టన్ రింగులకు అది మందు కాదు.

కంప్రెషన్ బాగుందనుకుని మీ ముందున్న దారులు చెబుతాను.

పంపును తిప్పి కొలిచే టెస్ట్ బెంచ్ ఉన్న పంపు వర్క్‌షాపుకు మొత్తం మూటగట్టి ఇచ్చెయ్యడం ఒకటి. పంపు బాడీ, పళ్లెంలో ఉన్నవన్నీ, స్ప్రింగులు, షిమ్ములు, దుప్పటి కింద జారిన సర్‌క్లిప్పుతో సహా. బాడీ మీది నేమ్‌ప్లేటును గీకి మెరిపించకండి, ఆ నంబరు ఉంటేనే వాళ్లకు లెక్కల పట్టిక దొరుకుతుంది. ఎంత వేగం దగ్గర ఎన్ని సీసీల డీజిల్ రావాలి, వేగాన్ని అదుపు చేసే గవర్నరు దాన్ని ఎక్కడ కట్ చెయ్యాలి అన్నదంతా అందులోనే ఉంటుంది. ముఖ్యంగా నిజం చెప్పండి: "ప్లంజర్లు కలిసిపోయాయి, ఒకటి రుద్దాను" అని. చెప్పకపోతే వాళ్లు పాతవి కడిగి పెట్టి బెంచి ఎక్కిస్తారు, రీడింగ్ రాదు, మళ్లీ విప్పుతారు, ఆ రెండో కూలీ మీ నెత్తినే పడుతుంది. ఈ దారిలో ఖర్చు ఎక్కువ, ఆందోళన తక్కువ. "నేనే చేశాను" అని చెప్పుకునే ముచ్చట మాత్రం పోతుంది.

మీరే బిగించి, కాలిబ్రేషన్‌కు (బెంచి మీద కొలతలు సరిచేయించడానికి) మాత్రం బయటికి ఇవ్వడం ఇంకో దారి. మీ ఉత్తరం చదివితే మనసు దీని మీదే ఉందనిపించింది. ఇది అసాధ్యమేమీ కాదు. సీళ్లు మార్చడం, క్యామ్ బేరింగులు చూడడం, క్యామ్‌కూ ప్లంజరుకూ మధ్య ఉండే ట్యాపెట్లు ఏ గదివి ఆ గదిలో పెట్టడం చేతిలో ఓపికున్న ఎవరైనా చెయ్యగలరు. సీళ్లు వైటాన్ అనే రకం రబ్బరువి అడగండి. గంధకం తగ్గించిన ఇప్పటి డీజిల్‌కు పాత నైట్రైల్ రబ్బరు కుంచించుకుపోయి కారిన పంపులు చాలా ఉన్నాయి. కొత్త ఎలిమెంట్లను పెట్టెలోంచి తీశాక గుడ్డతో తుడవకండి, నూలుపోగు చాలు ఇరుక్కోవడానికి. డీజిల్లో కడిగి తడిగానే ఎక్కించండి. చెమట చేతులతో ముట్టుకుని అలా వదిలేస్తే మర్నాటికి వేలిముద్ర తుప్పై కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్లంజరు అడుగున ఒక గుర్తు ఉంటుంది, మాన్యువల్లో చూపించిన వైపే అది తిరిగి ఉండాలి. ప్లంజరు ఎప్పుడూ ఒకే ఎత్తు కొడుతుంది. రాక్, అంటే ప్లంజర్లను తిప్పే కడ్డీ, దాన్ని ఎంత తిప్పితే వాలు గాడి అంత తొందరగానో ఆలస్యంగానో బ్యారెల్ గోడలోని రంధ్రాన్ని తెరుస్తుంది, డీజిల్ మోతాదు అలా నిర్ణయమవుతుంది. తిరగేసి పెడితే ఆ సిలిండరు రాక్ మాట వినదు. ఇంజిను మితిమీరిన వేగం అందుకోవచ్చు.

ఈ దారిలో చిక్కు ఒకటుంది. ఇంకొకరు బిగించిన పంపును బెంచి ఎక్కించడానికి కొందరు ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్లు మళ్లీ విప్పి చూసుకుంటామంటారు. కాబట్టి బిగించాక కాదు, బిగించే ముందే వెళ్లి మాట్లాడుకోండి. బెంచి లేకుండా బండికే ఎక్కించి చెవితో సరిచేస్తానని మాత్రం అనుకోవద్దు. నాలుగు కొత్త ఎలిమెంట్లు సమానంగా డీజిల్ ఇస్తున్నాయో లేదో, ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా 90 డిగ్రీలకే కొడుతున్నాయో లేదో ఇంజిను చెప్పదు. వణుకుతుంది, పొగ వదులుతుంది. కారణం మాత్రం చెప్పదు.

పాత పంపు ఇచ్చి, బాగుచేసి ఉంచిన పంపు తెచ్చుకోవడం మరో దారి. అన్నిటికంటే తొందరగా అయ్యేది ఇదే. పైకి అచ్చం ఒకేలా ఉండే పంపులకు తిరిగే దిక్కు, ప్లంజరు సైజు, గవర్నరు వేరుగా ఉండొచ్చు కాబట్టి నంబరు కలవకపోతే తీసుకోవద్దు. ఇంకో సంగతి, ఎక్స్చేంజి అంటే మీ నాన్నగారి పంపు తిరిగి రాదు. ఫ్లాంజి (పంపును ఇంజినుకు బిగించే అంచు) మీద ఆయన ఉలితో కొట్టుకున్న టైమింగ్ గీత గురించి మీరు అర పేజీ రాశారు. అందుకే ఈ మాట చెబుతున్నాను. ఆ గీత పోయినా ఫర్వాలేదో లేదో మీరే తేల్చుకోవాలి.

అమ్మెయ్యడం చివరిది. అందులో తప్పేమీ లేదు. కానీ పంపు మూటలో ఉన్న బండికీ, పంపు బండికే ఉన్న బండికీ బేరంలో చాలా తేడా. అమ్మాలనుకున్నా ముందు పంపు సంగతి తేల్చాకే అమ్మడం మేలు.

నన్నడిగితే రెండో దారి మీకు నప్పుతుంది, ఒక్క షరతు మీద: బాబాయ్ పక్కనుండాలి. ఎందుకంటే మీకు తెలిసింది పంపు, ఆయనకు తెలిసింది ఆ బండి. పంపు తిరిగి ఎక్కించేటప్పుడు గేరులో ఒక పన్ను అటూ ఇటూ అయితే చాలు, టైమింగ్ (డీజిల్ కొట్టే సమయం) తప్పుతుంది. నేనోసారి వేరే ఇంజినుకు అలా ఒక పన్ను వెనక్కి ఎక్కించి, తెల్లపొగ చూసి, డీజిల్లో నీళ్లున్నాయని రెండు రోజులు ట్యాంకు కడిగాను. పక్కనున్న కుర్రాడు టైమింగ్ చూడమన్నాడు. నేను వినలేదు. ఆ కుర్రాణ్ని ఏమన్నానో ఇక్కడ రాయను.

ఆయన దగ్గరికి ఎలా వెళ్లాలని మీరు అడగలేదు గానీ, ఉత్తరంలో ఆయన ప్రస్తావన ఏడుసార్లు వచ్చింది. పెద్దగా ప్రసంగం అక్కర్లేదు. రుద్దిన ప్లంజరు జేబులో వేసుకుని వెళ్లి ఆయన చేతిలో పెట్టండి. "బాబాయ్, ఆ రోజు నోరు జారాను. దీన్నీ పాడుచేశాను" అనండి. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తారు, తిడతారు. తిట్టనివ్వండి. ఆ తర్వాత ఆయన అడిగే మొదటి మాట "ఫీడ్ పంపు చూశావా?" అయితే నాకు ఆశ్చర్యం లేదు.

అన్నయ్య విషయం కొంచెం వేరు. "పార్టు రావాలి" అన్నది మూడు నెలల అబద్ధం. అది ఆయనకు తెలియదనుకుంటున్నారా? తాళం వేసిన గది, అడిగితే తప్పుకునే చూపు... తెలిసే ఆ ఇంజనీరుగారూ అంటున్నారేమో. ఆయన వెక్కిరింపులో కొంత దుఃఖం కూడా ఉండొచ్చు. అమ్మేద్దామన్నవాడికి నాన్న మీద ప్రేమ తక్కువ అని మీరు ఎక్కడా రాయలేదు గానీ, వాక్యాల మధ్య అదే ఉంది. కొందరు కళ్లెదుట పెట్టుకుని ఉండలేరు, అందుకే అమ్మెయ్యమంటారు. ముందు ఇంట్లో ఆవిడకు చెప్పండి, తర్వాత అన్నయ్యను పిలిచి గది తాళం తీసి చూపించండి. "ఇదీ సంగతి. ఇంత ఖర్చవుతుందట. ఈ తేదీ దాకా చూస్తా, ఆ లోపు బండి లేవకపోతే నువ్వన్నట్టే అమ్మేద్దాం" అనండి. తేదీ మీరే పెట్టండి, ఆయన పెట్టేదాకా ఆగొద్దు. చిన్నతనం అనిపిస్తే ఒక్క మాట. 1897లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిను నడిపించినప్పుడు ఆయన దగ్గర ఇలాంటి పంపు లేదు, ఇంధనాన్ని సిలిండర్లోకి గట్టి గాలితో ఊదించాడు. బాష్ కంపెనీ ఈ రకం పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచెయ్యడం 1927లో గానీ మొదలు కాలేదు. ఇంజిను పుట్టించినవాడికే అందని పని, బల్ల మీద మీకు లొంగలేదని తలదించుకోనక్కర్లేదు.

పంపు బెంచి నుంచి తిరిగొచ్చాక స్టార్ట్ చేసే రోజు గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం ఆ రోజే. ఫిల్టరు దగ్గర, పంపు దగ్గర ఎయిర్ తీశాక, నాజిలు నట్లు కాస్త వదులు చేసి తిప్పుతారు కదా, అప్పుడు డీజిల్ కారుతుందో లేదో వేలు పెట్టి చూడకండి, అట్టముక్క పెట్టండి. నట్లు బిగించి ఇంజిను నడుస్తున్నాక కూడా అంతే. సన్నటి చిల్లి నుంచి ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, నొప్పి కూడా ముందు పెద్దగా ఉండదు. అయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, ఆలస్యమైతే వేలు తీసెయ్యాల్సి రావచ్చు.

కొత్తగా బిగించిన పంపులో రాక్ ఎక్కడైనా పట్టేసి ఉంటే ఇంజిను ఒక్కసారిగా వేగం అందుకుని స్టాప్ తీగ లాగినా ఆగదు. ట్యాంకు కాక్ కట్టేసినా ఫిల్టర్లో మిగిలిన డీజిల్‌తో చాలాసేపు తిరుగుతుంది. అప్పుడు నమ్మదగ్గ దారి గాలి మూసెయ్యడమే. అందుకని ఎయిర్ క్లీనరు గొట్టం ముందే తీసేసి, ఇంజినులోకి గాలి పోయే నోటిని పూర్తిగా కప్పేంత చెక్కపలక ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. గుడ్డ పెడితే లోపలికి లాగేస్తుంది, అరచెయ్యి అసలే వద్దు. అంటే ఆ రోజు ముగ్గురు కావాలి. తాళం తిప్పడానికి మీరు, స్టాప్ తీగ దగ్గర బాబాయ్. పలక పట్టుకునే పని అన్నయ్యకు ఇవ్వండి. పాపను మాత్రం దూరంగా కూర్చోబెట్టండి, కనిపించేంత దూరంలో.